మా ల్యాబ్ నుంచి ఒక్క పేరే పంపాలి. ఇద్దరిలో ఎవరిని?

కృష్ణకాలువ
ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేను న్యూజెర్సీలోని ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. చేరి నాలుగేళ్లయింది. ప్రోటీన్లను గాజులాంటి మంచులో బిగించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడడం మా పని. దీన్ని క్రయో-ఈఎం అంటారు. ల్యాబ్‌లో ఇద్దరు పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ అయ్యాక తాత్కాలికంగా పరిశోధన చేసేవాళ్లు, ఉన్నారు.

మొన్న మా పరిశోధన కార్యాలయం నుంచి మెయిలు వచ్చింది. న్యూయార్క్ సైన్స్ అకాడమీ నడిపే బ్లవత్నిక్ ప్రాంతీయ పురస్కారాలకు పేర్లు ఇవ్వమన్నారు. తెలియనివారి కోసం రెండు మాటలు. ఇవి 2007లో మొదలయ్యాయి. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెటికట్ రాష్ట్రాల్లో పనిచేసే పోస్ట్‌డాక్‌లకు ఇస్తారు. జీవశాస్త్రాలు, రసాయనశాస్త్రం, భౌతికశాస్త్రాలు-ఇంజనీరింగ్ అని మూడు విభాగాలు ఉన్నాయి. గెలిచినవారికి 30,000 డాలర్లు, తుది జాబితాలో నిలిచినవారికి 10,000 డాలర్లు. ఎవరికి వారు దరఖాస్తు పెట్టుకునే పురస్కారం కాదు, పనిచేసే సంస్థే పేరు పంపాలి. మా దగ్గర ముందు లోపల ఒక వడపోత ఉంటుంది. ఒక్కో ల్యాబ్ నుంచి ఒక్క పేరే ఇవ్వమన్నారు.

నా చిక్కు ఇది. ఒకరు బ్రెజిల్ అమ్మాయి. మొదటి రచయితగా చాలా మంచి పేపరు వచ్చింది. మా రంగంలో పేపరు మీద మొదటి పేరు ఆ పనిలో ఎక్కువ భాగం చేసినవారిది. మాట్లాడితే హాలంతా వింటుంది. రెండో అతను మన తెలుగబ్బాయి. గత మూడేళ్లలో మా ల్యాబ్ నుంచి వచ్చిన ప్రతి పేపరులోనూ అతని పేరుంది. ఎక్కడా మొదటి స్థానంలో లేదు. కానీ అతను లేకపోతే ఆ పేపర్లలో సగం వచ్చేవి కావు. మా ప్రోటీన్లు నీరూ గాలీ కలిసే పొర దగ్గరకు చేరి విడిపోయేవి. నమూనాను పెట్టే మూడు మిల్లీమీటర్ల జల్లెడలాంటి గ్రిడ్ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ అనే అతి పలుచని కార్బన్ పొరను నిలకడగా పరిచే పద్ధతిని అతను ఎనిమిది నెలలు కూర్చుని కుదిర్చాడు. మిగతావాళ్లు ఆ గ్రిడ్లు తీసుకుని బొమ్మలు తీసుకున్నారు.

మనవాడు కాబట్టి అతని వైపు మొగ్గుతున్నానేమోనని నాకే అనుమానం. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

---

లెక్కతేడా
ఆదివారం, రాత్రి 10.15

మీ అనుమానం సరైనదే. అమ్మాయి పేరు పంపండి. కమిటీ ముందు వంద కాగితాలు ఉంటాయి, మొదటి రచయిత పేపరు లేనివాడిని రెండో నిమిషంలో పక్కన పెడతారు. గెలవని గుర్రం మీద మీకున్న ఒక్క అవకాశాన్ని ఎందుకు పోగొట్టుకోవడం?

మరో సంగతి. దీన్ని చిన్న విషయమని అనుకోకండి. నెదర్లాండ్స్‌లో కొత్త పరిశోధకులకు ఇచ్చే గ్రాంటు మీద 2018లో ఒక అధ్యయనం వచ్చింది. గీతకు కాస్త పైన నిలిచి గెలిచినవాళ్లనూ కాస్త కింద ఆగిపోయినవాళ్లనూ పోల్చారు. ప్రతిభలో వాళ్ల మధ్య తేడా దాదాపు లేదు. తరవాతి ఎనిమిదేళ్లలో గెలిచినవాళ్లకు రెట్టింపుకు పైగా నిధులు వచ్చాయి. ఒక కారణం ఏమిటంటే, ఓడినవాళ్లు మళ్లీ పోటీ పడడమే తగ్గించేశారు. ఉన్నవాడి విస్తట్లోనే మళ్లీ వడ్డించడం అన్నమాట. రాబర్ట్ మెర్టన్ 1968లోనే దీనికి మాథ్యూ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు.

---

మూడోరచయిత
ఆదివారం, రాత్రి 11.05

నా పేరు చూస్తే నేనెవరి పక్షమో తెలిసిపోతుంది.

లెక్కతేడా గారూ, మీరు చెప్పిన అధ్యయనమే మీ సలహాకు అడ్డం తిరుగుతోంది. ఇప్పటికే వెలుగులో ఉన్న అమ్మాయికి ఈ అవార్డు మరో మెట్టు. వెలుగులో లేనివాడికి ఇదొక్కటే మెట్టు కావచ్చు.

నేను కనెటికట్‌లో పోస్ట్‌డాక్‌ని, ఇది ఐదో ఏడు. ఇలాంటి మెయిళ్లు ప్రతి ఏడాదీ మా ప్రొఫెసరుకు వస్తాయని నాకు తెలిసింది నిరుడు, అదీ కాఫీ మెషీను దగ్గర పక్క ల్యాబ్ మిత్రుడు చెబితే. వెళ్లి అడగాలంటే నోరు రాలేదు. ఇంట్లో అలా పెంచారు. పని బాగా చేస్తే పెద్దలే చూస్తారు, అడిగితే చులకనవుతాం అని. మా ప్రొఫెసరు చెడ్డ మనిషి కాదు. ఆయనకు తట్టలేదు, అంతే. వరుసగా నాలుగేళ్లు తట్టలేదు.

కాబట్టి కృష్ణకాలువ గారూ, ఎవరి పేరు పంపినా సరే, ముందు ఇద్దరికీ ఆ మెయిలు చూపించండి.

---

వీసావేదన
ఆదివారం, రాత్రి 11.30

ఇది వస్తే ఈబీ-1ఏ (అసాధారణ ప్రతిభ ఉన్నవారికిచ్చే గ్రీన్‌కార్డు) ఫైలుకు పనికొస్తుందా అండీ? మన అబ్బాయికి గ్రీన్‌కార్డు లైను ఎక్కడుందో కూడా చూడండి పాపం.

---

లెక్కతేడా
ఆదివారం, రాత్రి 11.34

వచ్చారండీ. వీసా ప్రశ్న ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

---

చుక్కలపల్లకి
సోమవారం, ఉదయం 7.20

ఎగతాళి ఎందుకండీ, అది నిజమైన అవసరమే. ఈబీ-1ఏకి పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపించాలి. గుర్తింపు పొందిన బహుమతి అందులో ఒకటి. అయితే బహుమతి రావాలి, పేరు పంపినంత మాత్రాన లెక్కలోకి రాదు. ఇక దాన్ని వదిలేద్దాం.

నేను ఖగోళ భౌతికశాస్త్రంలో ఉన్నాను. మొదటి రచయిత ఎవరని మీరు వాదించుకుంటుంటే నాకు నవ్వొస్తోంది. 2016లో గురుత్వ తరంగాల పేపరు వచ్చినప్పుడు దాని మీద వెయ్యికి పైగా పేర్లున్నాయి, అదీ అక్షరక్రమంలో. అందులో ఎవరు పరికరంలోని అద్దాల మీద పనిచేశారు, ఎవరు గణన రాశారు అన్నది పేపరు చెప్పదు. కాబట్టి మా రంగంలో పోస్ట్‌డాక్ బతుకంతా ఉత్తరం మీదే. ఫలానా పని ఈమెదే అని ఒక పెద్దమనిషి సంతకం పెట్టి రాయాలి. రాయకపోతే ఆ పని ఎవరిదీ కాదు.

మీ అబ్బాయి పరిస్థితి కూడా ఇంతే. ఆ ఎనిమిది నెలల గురించి మేము మీ టపా వల్లే తెలుసుకున్నాం. కమిటీకి ఎవరు చెబుతారు?

---

పాతపంతులు
సోమవారం, ఉదయం 8.50 (హైదరాబాద్‌లో సాయంత్రం)

అమ్మా కృష్ణకాలువ, తార్నాకలో ఒక ప్రయోగశాలలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరైనవాడిని. నాకు తోచింది చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

రెండో రచయిత అన్న మాట వినగానే నాకు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1925లో హార్వర్డ్ నుంచి భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి వచ్చింది. దాని పేరు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. ఫిస్కే ముందు, సుబ్బారావు తరవాత. మా రోజుల్లో ఆ నీలి రంగు చూడకుండా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ దాటినవాడు లేడు. ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే 1927లో కండరాల్లో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణాలకు శక్తినిచ్చే ఏటీపీ వాళ్లకు దొరికాయి. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడనుకోండి, ఆ మాట చెప్పకపోతే అన్యాయం. నేను చెప్పేదేమిటంటే, పద్ధతి అంటే వంటింట్లో పొయ్యి లాంటిది. భోజనం బాగుందంటారే గానీ పొయ్యి బాగుందని ఎవరూ అనరు. ఆయన మీద తపాలా బిళ్ల వేయడానికి మనకు 1995 దాకా పట్టింది. పోయింది 1948లో.

ఇక అడగడం గురించి. మూడోరచయిత నాయనా, అడిగితే చులకనవుతామని అన్నావు కదా. సి.వి. రామన్ 1930 నోబెల్‌కు తన పేరు ప్రతిపాదించమని 1929 చివర భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్‌కు స్వయంగా ఉత్తరం రాశారు. బోర్ ప్రతిపాదించారు, రూథర్‌ఫర్డ్ కూడా ప్రతిపాదించారు. రామన్ చులకన కాలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెతే ఉంది, దాన్ని అన్నం దగ్గరే ఎందుకు ఆపుతాం?

మన దేశం మాట అడగకండి. మన శాస్త్రవేత్తలకు ఇచ్చిన భట్నాగర్ బహుమతికి వయసు గీత 45గా ఉండేది. దాని స్థానంలో వచ్చిన విజ్ఞాన్ యువ పురస్కారానికీ అంతే. 2024 ఆగస్టులో రాష్ట్రపతి భవన్‌లో మొదటిసారి ఇచ్చినప్పుడు 18 మందికి విజ్ఞాన్ యువ వచ్చింది. సంతోషం. కానీ 45 అంటే అప్పటికి మనిషి ప్రొఫెసరై, సొంత ల్యాబ్ పెట్టి, తలకు రంగు వేయడం మొదలుపెట్టి ఉంటాడు. రెండేళ్ల ఫెలోషిప్పు మీద, అది ఆలస్యమైతే స్నేహితుల దగ్గర చేబదులు మీద నెట్టుకొచ్చే పోస్ట్‌డాక్ ఆ వరుసలో ఎక్కడ నిలబడతాడు? పోస్ట్‌డాక్‌లకే విడిగా ఒక పురస్కారం ఉందని మీ టపాలో చదివి నాకు కాస్త అసూయ కలిగింది.

---

లెక్కతేడా
సోమవారం, ఉదయం 9.30

పంతులు గారూ, రామన్‌కు అడగడం చెల్లింది, ఆయన రామన్ కాబట్టి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదనే సామెత కూడా మనదే. కృష్ణకాలువ గారు భయపడుతున్నది సరిగ్గా దాని గురించే. ఆ భయానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

---

పాతపంతులు
సోమవారం, ఉదయం 9.52

ఒప్పుకుంటున్నాను. తప్పించుకున్నాను.

---

ఇసుకగడియారం
సోమవారం, మధ్యాహ్నం 1.10

నేను జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను. మరో విశ్వవిద్యాలయంలో, మరో రాష్ట్రంలో, ఇలాంటి లోపలి వడపోతలు నడిపే కార్యాలయంలో పనిచేస్తాను. శాస్త్రవేత్తను కాను. కాగితాలు పోగుచేసి, గడువు గుర్తుచేసి, కమిటీ గదిలో మూల కుర్చీలో కూర్చుని రాసుకునే మనిషిని. అందరూ మాట్లాడేది వినేది నేనొక్కదాన్నే.

మొదటిది. మొదటి రచయిత పేపరు లేకపోతే రెండో నిమిషంలో పక్కన పెడతారన్నారు. ఉత్తరం బలహీనంగా ఉంటే అవును. కానీ ఉత్తరంలో మొదటి పేరాలోనే, "రచయితల వరుసలో పేరు ఎక్కడుందో చూడకండి, జరిగింది ఇదీ" అని ధైర్యంగా రాసినప్పుడు గది ఆగి వినడం నేను చూశాను. కమిటీలో కూర్చున్న ప్రతివాడూ ఒకప్పుడు ఎవరికో గ్రిడ్లు చేసిపెట్టినవాడే.

రెండోది, ఉత్తరంలో మాటలు. 2016లో భూశాస్త్రాల పోస్ట్‌డాక్ ఫెలోషిప్పుల కోసం వచ్చిన సిఫారసు లేఖలను పరిశీలించారు. 54 దేశాల నుంచి 1,224 లేఖలు. అద్భుతం అనిపించే లేఖ వచ్చే అవకాశం మగవారితో పోలిస్తే ఆడవారికి సుమారు సగమే. రాసినవారు ఆడవారైనా మగవారైనా ఆ తేడా అలాగే ఉంది. కాబట్టి మన అబ్బాయి గురించి ఎంత ఆలోచిస్తున్నారో ఆ బ్రెజిల్ అమ్మాయి ఉత్తరం గురించి కూడా అంత ఆలోచించండి. ఆమె మాటకారి అన్నారు. అది ఉత్తరంలో రాసేమాట కాదు. పని ఏమిటో రాయండి.

మనవాళ్ల ఉత్తరాలకు వేరే జబ్బు ఉంది. మన దగ్గర నుంచి వచ్చే లేఖల్లో నేను ఎక్కువగా చూసేవి మూడు: క్రమశిక్షణ గలవాడు, చెప్పిన పని శ్రద్ధగా చేస్తాడు, సత్ప్రవర్తన కలవాడు. పెళ్లి సంబంధానికైతే మహా బాగుంటుంది. కమిటీకి మాత్రం, సొంతంగా ఆలోచించడని చెప్పినట్టే.

మూడోది, అసలు ప్రశ్న. ఆ మెయిలు మళ్లీ చదవండి. ఒక్క పేరు అన్నది ల్యాబ్‌కా, లేక ఒక్కో విభాగంలో ల్యాబ్‌కు ఒకటా? ఇద్దరూ జీవశాస్త్రాలలోనే పోటీ పడాలని ఎవరు చెప్పారు?

---

చుక్కలపల్లకి
సోమవారం, మధ్యాహ్నం 1.25

ఆహా! క్రయో-ఈఎంకి 2017లో నోబెల్ ఇచ్చింది రసాయనశాస్త్రంలోనే కదా. దుబోషే, ఫ్రాంక్, హెండర్సన్. అందులో దుబోషే చేసింది ఏమిటి? నీళ్లు స్ఫటికం కట్టకుండా గాజులా గడ్డకట్టేలా చేయడం. నమూనా తయారీ! సరిగ్గా మీ అబ్బాయి పనే.

---

కృష్ణకాలువ
సోమవారం, సాయంత్రం 6.45

ఆఫీసులో కూర్చుని మెయిలు మళ్లీ చదివాను. ఇసుకగడియారం గారికి దండం. అందులో ఉన్నది ఒక్కో విభాగానికి ల్యాబ్ నుంచి ఒక పేరు అనే. మాది జీవశాస్త్ర ల్యాబ్ అని నాకు నేనే తీర్మానించుకుని, ఒక్కటి అని చదివాను. నాలుగేళ్లు చదువుకున్నది ఇందుకా అని మా అమ్మ అనేది, పీహెచ్‌డీ అప్పుడు.

పరిశోధన కార్యాలయానికి ఫోను చేశాను. రసాయనశాస్త్రంలో ఇప్పటిదాకా మా భవనం నుంచి ఎవరి పేరూ రాలేదట. పని ఆ విభాగానికి తగినదని ఉత్తరంలో చెప్పుకోగలిగితే అభ్యంతరం లేదన్నారు.

తరవాత ఇద్దరినీ పిలిచి మెయిలు చూపించాను. అమ్మాయి అక్కడికక్కడే సరే అంది, రెండు పేజీల పరిశోధన సారాంశం ఎల్లుండికి ఇస్తానంది. మనవాడు తల గోక్కుని, "నాది రసాయనశాస్త్రం కాదు కదండీ, నేను గ్రిడ్లు చేస్తాను" అన్నాడు.

మూడోరచయిత గారూ, మీరే గుర్తొచ్చారు.

---

మూడోరచయిత
సోమవారం, రాత్రి 8.10

ఆ మాట నేనైనా అదే స్వరంతో అనేవాణ్ని.

అతన్ని సారాంశం రాయమనేటప్పుడు ఒక చిన్న పని చేయండి. ల్యాబ్ నోటుబుక్కులు తెచ్చుకుని పక్కన కూర్చోమనండి. ఆ ఎనిమిది నెలల్లో ఏవేవి పనిచేయలేదో ముందు రాయమనండి. మేము సాధించింది రాయమంటే మాకు మాట రాదు, విఫలమైనవి రాయమంటే పేజీలు నిండిపోతాయి. పని ఎంత లోతుగా జరిగిందో అక్కడే బయటపడుతుంది.

---

నిర్వాహకులు
సోమవారం, రాత్రి 8.30

ఈ చర్చ మధ్యలో వచ్చిన ఈబీ-1 ప్రశ్నలు, వాటికి వచ్చిన పదకొండు జవాబులు వలస విభాగానికి తరలించాం. వీసావేదన గారూ, మీ ప్రశ్నకు అక్కడ జవాబుంది.

---

లెక్కతేడా
మంగళవారం, ఉదయం 7.05

నేను ఓడిపోలేదు, ఇద్దరినీ పంపే దారి దొరికింది అంతే. ఒక్కరినే పంపాల్సి వస్తే ఏం చేసేవారో ఎవరూ చెప్పలేదు. చాలా ల్యాబ్‌లలో ఆ దారి దొరకదు.

---

ఇసుకగడియారం
మంగళవారం, ఉదయం 8.40

న్యాయమైన మాట. నన్నడిగితే, ఎవరి పని గురించి నేను తప్ప మరొకరు రాయలేరో ఆ పేరు పంపుతాను. మొదటి రచయిత పేపరు తన గురించి తాను కొంతైనా మాట్లాడుకుంటుంది. కానీ ఇది నా అభిప్రాయమే, కార్యాలయం నియమం కాదు. కమిటీలో దీన్ని ఒప్పుకోనివారూ ఉంటారు.

మనవాడనే భయం గురించి కూడా చెబుతాను. భాష కలిసింది కాబట్టే అతను ఆ ఎనిమిది నెలల గురించి మీతో మధ్యాహ్నం భోజనం దగ్గర చెప్పి ఉంటాడు. ఆ అమ్మాయి చేసిన ఇలాంటి పని ఏదైనా మీ చెవిన పడకుండా ఉండిపోయిందేమో, ఒకసారి అడిగి చూడండి.

---

కృష్ణకాలువ
గురువారం, రాత్రి 11.15

అడిగాను. ఉంది. మా ల్యాబ్‌లో అందరూ వాడే బొమ్మలు వేరుచేసే ప్రోగ్రాము మూడొంతులు ఆమె రాసిందేనట. మైక్రోస్కోపు కేంద్రం వాళ్లు ఇచ్చారని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. సిగ్గేసింది. అది కూడా ఉత్తరంలో చేర్చాను.

మనవాడి సారాంశం వచ్చింది. విఫలమైనవే పేజీన్నర ఉన్నాయి, మిగిలింది చదువుతుంటే ఆ పొర ఎందుకు చిరుగుతోందో అతను కనుక్కున్న తీరు అర్థమైంది. అది అచ్చమైన ఉపరితల రసాయనశాస్త్రం. పేపరులో దాన్ని మేము ఒక్క వాక్యంలో చెప్పేశాం, అదీ పద్ధతుల భాగంలో. ఆ ఒక్కదాన్నీ విడిగా, అతను మొదటి రచయితగా పేపరు రాయమన్నాను. ఇది మూడేళ్ల కిందటే అనాల్సింది.

రేపు గడువు. అతని ఉత్తరం మొదటి వాక్యం ఇలా రాశాను, తప్పులుంటే చెప్పండి: "మా ప్రయోగశాలలో గత మూడేళ్లుగా అభివృద్ధి చేసిన గ్రిడ్ తయారీ పద్ధతిలో ఈ పరిశోధకుడు కీలక పాత్ర పోషించాడు."

---

చుక్కలపల్లకి
గురువారం, రాత్రి 11.22

"కీలక పాత్ర" అంటే ఎవరికైనా రాయొచ్చు. టీ తెచ్చినవాడికి కూడా.

---

పాతపంతులు
గురువారం, రాత్రి 11.31

అమ్మా, ఆ వాక్యంలో కర్త ఎవరో చూడు. పద్ధతిని ప్రయోగశాల అభివృద్ధి చేసింది, అతను పక్కన నిలబడ్డాడు. ఫిస్కే కూడా ఇలాగే రాసేవాడేమో.

---

కృష్ణకాలువ
గురువారం, రాత్రి 11.48

"గ్రిడ్ మీద గ్రాఫీన్ ఆక్సైడ్ పొర ఎందుకు చిరుగుతుందో ఇతను కనిపెట్టాడు. చిరగకుండా ఎలా పరచాలో ఇతనే కనిపెట్టాడు. ఆ తరవాత మా పేరు మీద వచ్చిన పేపర్లన్నీ ఆ పొర మీద నిలబడినవే."

---

పాతపంతులు
గురువారం, రాత్రి 11.53

పంపేయి.